పై ఆదేశమా, టీచర్ల ఇష్టమా? సిరోంచ నుంచి ఒక జవాబు

రాష్ట్రమంతటా బడులు మారాలంటే పైనుంచి గట్టిగా ఆదేశాలివ్వాలా, టీచర్లకే వదిలేయాలా అని అడిగారు. నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో జిల్లా పరిషత్ బడి మాస్టర్ని. ప్రాణహిత దాటితే తెలంగాణ. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ.

2015 జూన్‌లో ‘ప్రగత్ శైక్షణిక్ మహారాష్ట్ర’ (చదువులో ముందున్న మహారాష్ట్ర) అనే జీఆర్, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చింది. ఆ రోజుల్లో అందరి నోటా సాతారా జిల్లా కుమఠే బీట్ (ఒక అధికారి కింద ఉండే బడుల గుంపు) మాటే. అక్కడ పని నడిపించింది మంత్రీ కాదు, సెక్రటరీ కాదు, ఆ బీట్ బడుల్ని చూసే విస్తార్ అధికారి ప్రతిభా భరాడే. రాష్ట్రం నలుమూలల నుంచీ టీచర్లు వెళ్లి ఆ తరగతులు చూసొచ్చారు. చూసి నేర్చుకోమనడం మంచి పద్ధతే. కానీ మా దగ్గర ఒక బడిలో అక్కడిలాగే నేల మీద అక్షరాలూ అంకెలూ రంగులతో వేయించి, రంగు పోతుందని పిల్లల్ని దానిమీద కూర్చోనివ్వలేదు!

ఇంకో సంగతి. ఎన్ని బడులు ‘ప్రగత్’ (చదువులో ముందున్నవి) అయ్యాయో లెక్క పంపమనేసరికి టెన్షన్ మొదలైంది. నేనూ మార్కులు కాస్త పెంచి రాశాను, దాచడం దేనికి.

అప్పటి మా కేంద్ర ప్రముఖ్ (చుట్టుపక్కల కొన్ని బడుల్ని కలిపిన ‘కేంద్రం’ చూసుకునే అధికారి) ఒకరోజు వచ్చి, రిజిస్టర్ అడక్కుండా రెండో తరగతిలో కింద కూర్చున్నారు. ఒక పాపకి బొమ్మ చూపించి ఇదేమిటని మరాఠీలో అడిగారు. "కంకి" అంది. జవాబు ‘కణీస్’ అని ఉండాలి, నేను సున్నా వేసి ఉన్నాను. ఆయనకి తెలుగు రాదు. కంకి అంటే ఏమిటని నన్నడిగారు. చెప్పాను. "అయితే పాపకి తెలుసుగా సర్, మరాఠీ మాటే కదా రానిది" అన్నారు. ఆ సాయంత్రం కేంద్రంలోని మాస్టర్లందరినీ పిలిచి, ఉన్న మార్కులే రాయండి, తాలూకాలో అడిగితే సమాధానం నేను చెప్పుకుంటాను అన్నారు. ఆ ఏడాది మా కేంద్రం లెక్కల్లో అడుగున నిలిచింది. ఆయనకి మీటింగులో బాగానే అక్షింతలు పడ్డాయి. మేం మాత్రం మొదటిసారి ఏ పిల్లకి ఏం రాదో మాట్లాడుకున్నాం, తెలుగు-మరాఠీ మాటల పట్టీ ఒకటి రాసుకున్నాం.

కాబట్టి నన్నడిగితే ఆదేశం పైనుంచే రావాలి, డబ్బూ పోస్టులూ అక్కడే ఉన్నాయి కనుక. అది బడిదాకా ఏ రూపంలో చేరుతుందో తేల్చేది మాత్రం మధ్యలో ఉన్న ఈ ఉద్యోగే. ఆయన ఏడాదిన్నరకే బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినాయన మొదటి వారమే ఎక్సెల్ ఫార్మాట్ పంపారు.