కిడ్నీ సమస్య ఉంటే పల్లి నూనె మానాలా?

తమ్ముడూ, నాన్నకు కిడ్నీ మూడో స్టేజీ అనగానే పల్లి నూనె బంద్ చేసి, ఎవరో చెప్పారని కొబ్బరి నూనెతో వండుతున్నామన్నావు. వెంటనే ఆపేయండి.

దెబ్బతిన్న కిడ్నీలు సరిగా బయటికి పంపలేని పొటాషియం, ఫాస్ఫరస్ పల్లీల్లో ఎక్కువే, నిజం. కానీ గానుగ ఆడించినప్పుడు అవి పల్లి చెక్కలోనే, అంటే మిగిలిన పిప్పిలోనే ఉండిపోతాయి, నూనెలోకి దాదాపు రావు. కాబట్టి మన పాలమూరు పల్లి నూనె నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇడ్లీలోకి గిన్నెడు పల్లి చట్నీ మాత్రం వేరే సంగతి, అది డాక్టర్‌ని అడిగాకే.

కిడ్నీ పేషెంట్లకు గుండె జబ్బు ముప్పు ఎక్కువ. నూనె చూసి ఎంచుకోవాల్సింది అందుకే. కొబ్బరి నూనెలో 80 శాతం పైన, పామాయిల్‌లో దాదాపు సగం గుండెకు మంచిది కాని సాచురేటెడ్ కొవ్వే. పల్లి, కుసుమ, తవుడు నూనెలు మార్చి మార్చి వాడండి. పప్పులోకి అర చెంచా నెయ్యి వేస్తే కొంప మునగదు. డాల్డా వద్దే వద్దు.

డబ్బా వంచి పోయొద్దని అమ్మకు చెప్పు. మనిషికి రోజుకు నాలుగు టీ చెంచాలు, అంటే 20 మి.లీ. లెక్కన నలుగురికి నెలకు రెండున్నర లీటర్లు దాటకూడదు. అయితే నాన్న బక్కచిక్కిపోతుంటే నూనె మరీ తగ్గించకండి. పప్పు, మాంసం తగ్గించినప్పుడు ఒంటికి శక్తి ఇచ్చేవాటిలో నూనె కూడా ఒకటి.

మామిడికాయ తొక్కు మీది నూనె అన్నంలో కలుపుకునే అలవాటు ఉంటే మాన్పించు, దాంతో ఉప్పు కూడా వచ్చేస్తుంది. 'లో సోడియం' ఉప్పు మాత్రం సొంతంగా కొనొద్దు, అందులో కలిపేది పొటాషియమే.