లా అవ్వగానే జడ్జి పరీక్షకు కోచింగా?

ప్రశ్న: మా అమ్మాయి అయిదేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాదిలో ఉంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలని పట్టుదల. చదువు అవ్వగానే కోచింగ్‌లో చేర్చమంటారా?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: కోచింగ్ కంటే ముందు ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదు) చూడండి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. ఆ గడువు తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కకొస్తుంది కాబట్టి బార్ పరీక్ష (నమోదైన లా పట్టభద్రులు రాసే అర్హత పరీక్ష) ఫలితం దాకా ఆగనక్కర్లేదు. పదేళ్ల ప్రాక్టీసున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దానిపై న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. పేరుకు ఎన్‌రోల్ అయి హాస్టల్ గదిలో చదువుకుంటే ఇక్కడే దొరికిపోతారు. తన పేరున్న వకాలత్‌ల (కక్షిదారు న్యాయవాదికి ఇచ్చే అధికార పత్రాల) నకళ్లు మొదటి రోజు నుంచే దాచమనండి.

హైకోర్టులో కాదు, సివిల్, క్రిమినల్ రెండూ చూసే ట్రయల్ కోర్టు సీనియర్ దగ్గర చేర్చండి. రేపు ఆమె కూర్చునే కుర్చీ సివిల్ జడ్జిదీ, మేజిస్ట్రేటుదీ కూడా. పొద్దున రిమాండ్ (నిందితుణ్ని కస్టడీకి పంపాలా వద్దా తేల్చడం), మధ్యాహ్నం పొలం గట్టు తగాదా.

సివిల్‌లో దావా దారితప్పేది ఎక్కువగా ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) రాసేచోటే. వాది ఇంజంక్షన్ (అవతలివాళ్లు జోక్యం చేసుకోకుండా ఆపే ఉత్తర్వు) మాత్రమే అడిగాడు, ప్రతివాది జవాబుదావాలో 'అసలు భూమే నాది' అన్నాడనుకోండి. హక్కు గట్టిగా వివాదంలో పడితే ఉత్త ఇంజంక్షన్ దావా నిలవదు, డిక్లరేషన్ (హక్కు తనదేనని కోర్టు ప్రకటన) కూడా అడగాలి. అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు (2008) చెప్పింది ఇదే. ఈ కేసు కంఠతా వచ్చినవాళ్లు కూడా ఎదురుగా ప్లీడింగ్స్ (దావా, జవాబుదావా పత్రాలు) పెడితే తడబడతారు. అందుకే వారానికి రెండు పాత ఫైళ్లు తీసి, కోర్టు రాసిన ఇష్యూలు చూడకుండా తనే రాసి, తర్వాత పోల్చుకోవాలి.

క్రిమినల్‌లో రిమాండ్ రిపోర్టు (నిందితుణ్ని కస్టడీకి పంపమంటూ పోలీసులు ఇచ్చే నివేదిక) చదవడం నేర్చుకోవాలి. 24 గంటల్లోపు హాజరుపరిచారా, అరెస్టుకు కారణం నిందితుడికి చెప్పారా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే నోటీసుతో సరిపోయేదాన్ని అరెస్టు దాకా ఎందుకు తెచ్చారు? ఇవి అడగకుండా సంతకం పెడితే ఒక మనిషి అన్యాయంగా జైలుకెళ్తాడు. భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే (భారత శిక్షాస్మృతి) వర్తిస్తుంది కనుక పాత చట్టం పుస్తకం పారేయొద్దు.

స్క్రీనింగ్ టెస్టు దాటినవాళ్లలో చాలామంది రాతపరీక్షలో ఆగిపోతారు. అందులో అనువాదమూ ఉంటుంది. సాక్షి 'గెట్టు దున్నిండు' (పొలం గట్టు దున్నేశాడు) అంటే ఇంగ్లీషులో ఏమని రాయాలో కోచింగ్ నోట్సులో దొరకదు. రోజుకొక పేజీ తెలుగు వాంగ్మూలాన్ని ఇంగ్లీషులోకి మార్చి సీనియర్‌కు చూపించమనండి.