ఇంజినీరమ్మతో ముచ్చట: బ్యారేజీ కుంగిందని సివిల్ మానుకోవాలా?

మహారాష్ట్రలో జిల్హా పరిషద్ పానీ పురవఠా (నీటి సరఫరా) విభాగంలో డిప్యూటీ ఇంజినీరుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు చంద్రపూర్‌లో ఉంటున్న మా ఇంజినీరమ్మ ఈ నెల నాలుగు ఉత్తరాలకు జవాబులు చెబుతున్నారు.

ప్రశ్న: మాది సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఈ ఏడాది పన్నెండో తరగతి సైన్స్ పూర్తవుతుంది. నాకు ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదవాలని ఉంది. మా నాయిన మాత్రం "మన పక్క మేడిగడ్డ బ్యారేజీ నాలుగేండ్లకే కుంగింది, సివిలోళ్ల పనితనం అదే, కంప్యూటర్ తీసుకో" అంటున్నాడు. అసలు సివిల్, ఎన్విరాన్‌మెంటల్ వేరువేరా? ఏ కాలేజీకి పోవాలి?
— ఒక విద్యార్థి, సిరొంచ తాలూకా

జవాబు: బిడ్డా, ముందుగాల మీ నాయినకు జవాబు చెప్త. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. 2019 జూన్‌లో మొదలైన 85 గేట్ల బ్యారేజీ, 2023 అక్టోబర్ 21 సాయంత్రం ఏడో బ్లాకులో 20వ పియరు (గేట్ల నడుమ స్తంభం) కాడ కుంగితే ఎవరికైనా అట్లనే అనిపిస్తది. బ్యాక్‌వాటర్‌లో పొలాలు మునిగినోళ్లకు ఇంకెంత మండాలె! కానీ ఎందుకు కుంగిందో ఆయనకు ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పిన్రా? జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వాళ్లు చూసిపోయి ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లో లోపాలు ఎత్తి చూపిన్రు. ఆ నాలుగూ కలిసి ఏం చేసినయంటే, పునాది రాఫ్టు (అడుగున పరిచిన కాంక్రీటు పలక) కింది ఇసుక కొట్టుకపోయింది.

ఎండకాలం ఏట్లో చెలిమె తవ్వినవా ఎప్పుడన్నా? ఈసారి తవ్వినప్పుడు అడుగున నీళ్లు ఊరేకాడ కండ్లు పెట్టి చూడు. సన్న ఇసుక నిలకడగా ఉండదు. రేణువులు పైకి లేస్తుంటయి, పడుతుంటయి, మళ్లీ లేస్తుంటయి. కింది నుంచి నీళ్లు తోసే తోపుడు ఇసుక బరువుకు సమానమైన చోట ఇసుకకు పట్టు పోతది, నీళ్లెటు పోతే అటు పోతది. బ్యారేజీ కాడ కూడా ఇదే జరుగుతది. గేట్ల కాడ ఆగిన నీళ్లు ఊరుకోవు, కింది ఇసుకలోంచి దిగువకు తొవ్వ చేసుకుంటయి. బయటపడే చోట ఒత్తిడి ఎక్కువైతే ముందు అక్కడి ఇసుక లేస్తది, తర్వాత దాని వెనకది లేస్తది, అట్ల ఎగువకు బొరియ పడుకుంట పోతది. దీన్ని పైపింగ్ అంటరు. పంజాబ్ కాలువల మీద పనిచేసిన ఏ.ఎన్. ఖోస్లా 1936లోనే దీనికి లెక్క కట్టిచ్చిండు. నీళ్లు బయటికొచ్చే చోట గ్రేడియంట్, అంటే నీళ్లు తోసే బలం లెక్క, ముతక ఇసుకలో 1/5 నుంచి 1/6, సన్న ఇసుకలో 1/6 నుంచి 1/7 దాటకుండా చూసుకోవాలె. ఎగువన, దిగువన లోతుగా అడ్డుగోడలు దింపేది అందుకే. నీళ్లు నడిచే తొవ్వ పొడుగైతే వాటి బలం తగ్గుతది.

ఇక వరద పోయినంక ఏటేటా దిగువన కాంక్రీటు బ్లాకులు కదిలినయా, గుంతలు పడ్డయా అని చూసుకొని సరిచేసుడు ఇంకో పని. దానికి శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరించుడు ఉండదు, అందుకే అది ఎవరికీ గుర్తుండదు. మీ నాయినతోని చెప్పు: చెడ్డ సివిల్ పని కండ్ల ముందే ఉన్నోడికి ఆ పాఠం క్లాసులో అందరికంటే ముందు అర్థమైతది.

ఇగ నీ ప్రశ్న. ధన్‌బాద్ ఐఐటీలో, ఢిల్లీ డీటీయూలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ పేరుతోనే బీటెక్ ఉంది. మనవైపు ప్రభుత్వ కాలేజీల్లో అయితే సివిల్ తీసుకోవాలె, నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి అందులో పాఠాలుగానే వస్తయి. నన్నడిగితే బీటెక్ సివిలే చెయ్యి. శుద్ధి కేంద్రం అంటే ఏముంటది? కాంక్రీటు తొట్లు, పైపులు, పంపులు, ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి నీళ్లు వాటంతటవే పారేటట్టు లెవెళ్లు. సర్వే రానోడు, కాంక్రీటు తెల్వనోడు పర్యావరణం గురించి ఎంత మంచిగ మాట్లాడినా తొట్టి కారుతనే ఉంటది. ఉద్యోగం సంగతి కూడా చూడు, జిల్హా పరిషద్ జూనియర్ ఇంజినీరు పోస్టులైనా, ఎంపీఎస్‌సీ (మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) ఇంజినీరింగ్ సర్వీసులైనా అడిగేది సివిల్ పట్టానే. ఎన్విరాన్‌మెంటల్ మీద మనసు గట్టిగా ఉంటే ఎంటెక్‌లో పట్టుకో. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి దానికి వేరే పేపరే ఉంది. పరిశోధన అంటే నాగపూర్‌లో నీరి ఉంది, 1958 నుంచి నీళ్లు, గాలి, మురుగు మీద పనిచేస్తున్న సంస్థ. మనకంటే దగ్గర ఇంకెవరికి ఉంది?

నీటి శుద్ధి పాఠాల్లో నాకు బాగా ఇష్టమైంది జార్ టెస్ట్. ఒక్క ముచ్చట చెప్త, నీకు నచ్చుతదో లేదో నువ్వే చూసుకో. వానకాలం గోదావరి నీళ్లు చాయ రంగులో ఉంటయి కదా. అవి ఆరు బీకర్లలో పోసి, ఒకదానికంటే ఒకదాంట్లో పటిక మోతాదు పెంచుకుంట వేస్తరు. ముందు ఒక నిమిషం నూరు చుట్ల వేగంతో గిర్రున తిప్పుతరు, తర్వాత పావుగంట ఇరవై నిమిషాలు నెమ్మదిగా ముప్పై నలభై చుట్లతో తిప్పుతరు. ఆ నెమ్మదిలోనే అసలు పని నడుస్తది. కంటికి కనపడని మట్టి ఒకదానికొకటి అంటుకొని దూదిపింజల తీరుగ గడ్డలు కడుతది. తిప్పుడు ఆపి అరగంట చూస్తే నాలుగో బీకరు తేటగా ఉంటది, ఆరోది మళ్లీ మసకగా ఉంటది. పటిక ఎక్కువేస్తే నీళ్లు ఎక్కువ తేటపడుతయని అనుకునేటోళ్లకు ఆ ఆరో బీకరు చూపించాలె. పటిక నీళ్లలో క్షారాన్ని తింటది, అది తక్కువున్న నీళ్లయితే సున్నం కూడా కలపాలె. ఇది చదువుతుంటే నీకు ఆ ఆరో బీకరు ఎందుకు మసకబారిందో తెలుసుకోవాలని అనిపిస్తే సివిల్ తీసుకో. అనిపించకపోతే మీ నాయిన మాట విను, కంప్యూటర్‌లో చెడ్డేం లేదు.

కాలేజీలు: చంద్రపూర్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ, అమరావతి ప్రభుత్వ కాలేజీ, నాందేడ్ ఎస్‌జీజీఎస్, పుణే సీఓఈపీ, ఇవన్నీ ఎంహెచ్‌టీ సీఈటీ (మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష) ర్యాంకు మీద. సీఈటీలో లెక్కలకు ఒక్కో ప్రశ్నకు రెండు మార్కులు, ఫిజిక్స్ కెమిస్ట్రీకి ఒకటే, కనుక లెక్కలు గట్టిగా పట్టు. పదకొండో తరగతి పాఠాలు కూడా 20 శాతం వస్తయి, ఆ పుస్తకాలు అమ్ముకోకు. నాగపూర్ వీఎన్ఐటీకి జేఈఈ మెయిన్ రాయాలె, అక్కడ సగం సీట్లు మహారాష్ట్ర వాళ్లకే. నాందేడ్‌లో చేరితే ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ పిల్లలు ఉంటరు, తెలుగు మర్చిపోవు.

సరిహద్దోళ్లం కాబట్టి ఒక కాగితాల గొడవ. మీ దోస్తులు కొందరు ఇంటర్ కోసం మంచిర్యాలకో వరంగల్‌కో పోతుంటరు. రెండేండ్లు అక్కడ చదివితే తెలంగాణలో లోకల్ అయిపోతమని అనుకుంటరు. కారు. ఇటు మహారాష్ట్రలో కూడా పది, పన్నెండు ఇక్కడే చదివినోళ్లకు ఒక దారి, బయట చదివినోళ్లకు డొమిసైల్ చూపించి ఇంకో దారి. నువ్వు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినవైతే నీకు ఆ తిప్పలు లేవు. రిజర్వేషన్ ఉంటే మాత్రం కులం సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, కాస్ట్ వ్యాలిడిటీ (ఆ కులం నిజమేనని కమిటీ తేల్చి ఇచ్చే కాగితం) కావాలె. దానికి ముత్తాతల కాలం కాగితాలు అడుగుతరు, మన తాలూకాలో చానా మంది పాత రికార్డులు నది అవతల ఉంటయి. పరీక్షలయ్యేదాక ఆగకు, ఇప్పుడే అర్జీ పెట్టు.

ప్రశ్న: మా అమ్మాయికి సివిల్‌లో సీటు వచ్చేలా ఉంది. ఆడపిల్ల ఎండలో సైట్ల మీద మేస్త్రీల మధ్య నిలబడగలదా అని చుట్టాలంతా భయపెడుతున్నారు. మీరైతే ఏమంటారు?
— ఒక తల్లి, బల్లార్పూర్

జవాబు: చెల్లె, బల్లార్పూర్ ఎండకు అలవాటైన పిల్లకు ఏ సైటు ఎండా కొత్త కాదు. శకుంతలా భగత్ 1953లోనే ముంబై వీజేటీఐలో సివిల్ పట్టా తీసుకుంది, తర్వాత ఉక్కు వంతెనలు కట్టింది. చీనాబ్ రైలు వంతెన కాడ కొండవాలు నిలబెట్టే పనికి సలహాలిచ్చిన ప్రొఫెసర్ మాధవీ లత ప్రకాశం జిల్లా ఆడబిడ్డ. చుట్టాలకు ఈ పేర్లు చెప్పు.

నీకు మాత్రం వేరే సంగతి చెప్త. మేస్త్రీలతోని ఇబ్బంది లేదు. పని తెలిసిన మేడం అంటే వాళ్లకు గౌరవమే, స్లంప్ కోన్ ఎత్తినప్పుడు కాంక్రీటు ఎంత కుంగిందో కొలిచి "నీళ్లెక్కువైనయి, బండి వాపస్ పంపు" అంటే కిక్కురుమనరు. ఇబ్బంది అంతా మరుగుదొడ్డి కాడ. చానా సైట్ల మీద ఆడవాళ్లకు అది ఉండదు, ఉన్నా తాళం ఉంటది. నా ఉద్యోగంలో పెద్ద సమస్య అదే, కాంట్రాక్టరు గొడవలు దాని తర్వాతే. బిడ్డకు మొదటి రోజే అడగడం నేర్పు, సిగ్గుపడి నీళ్లు తాగకుండా ఉండొద్దని చెప్పు. డిజైన్ ఆఫీసు, ల్యాబ్, శుద్ధి కేంద్రం ఆపరేషన్ లాంటి కొలువులు కూడా సివిల్‌లో ఉంటయి. కానీ మొదటి రెండేండ్లు సైటు తప్పించుకోకుంటే మంచిది.

ప్రశ్న: సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పుస్తకంలో బీఓడీ (నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) అంటే 20 డిగ్రీల దగ్గర 5 రోజులు అని ఉంది. మా ల్యాబ్‌లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేయిస్తున్నారు. వైవాలో ఏది చెప్పాలి?
— ఒక విద్యార్థిని, చంద్రపూర్

జవాబు: రెండూ చెప్పు, ఎందుకో కూడా చెప్పు. అయిదు రోజుల లెక్క ఇంగ్లండ్ నుంచి వచ్చింది. మురుగునీటి మీద అక్కడ వేసిన రాయల్ కమిషన్ దాన్ని ఖాయం చేసింది. వాళ్ల నదుల్లో నీళ్లు అయిదు రోజుల్లోపే సముద్రంలో కలిసిపోతయి కాబట్టి ఆపైన చూసే పని లేదనుకున్నరు. మన దగ్గర 20 డిగ్రీలు ఎక్కడివి? ఆ చల్లదనం నిలబెట్టాలంటే ఇంక్యుబేటరు రాత్రింబవళ్లు తిరగాలె. వేడి ఎక్కువైతే సూక్ష్మజీవులు తొందరగా తింటయి, కనుక 27 డిగ్రీల కాడ 3 రోజులు చాలని భారతీయ ప్రమాణం. నదుల్లోకి వదిలే నీళ్లకు లీటరుకు 30 మిల్లీగ్రాముల పరిమితి కూడా ఈ మూడు రోజుల లెక్కలోనే ఉంది.

చేత్తో వేసి చూసుకో. 20 డిగ్రీల కాడ రేటు రోజుకు 0.23 అనుకో. అయిదు రోజుల్లో మొత్తంలో 68 శాతం అయిపోతది. ఏడు డిగ్రీలు పెంచితే, డిగ్రీకి 1.047 రెట్ల లెక్కన రేటు 0.32 అయితది, మూడు రోజుల్లో 61 శాతం. రెండూ దగ్గరదగ్గరే కానీ ఒకటి కాదు, కనుక రిపోర్టులో రోజులు, డిగ్రీలు రాయకుండా ఉత్త బీఓడీ అని రాస్తే ఆ అంకెకు అర్థం లేదు. ఇంకో సుఖం ఎవరూ చెప్పరు: శుక్రవారం పెట్టిన సీసా సోమవారం చూడొచ్చు, ఆదివారం ల్యాబ్ తాళం కోసం ఎవరినీ బతిమిలాడే పని లేదు.

ప్రశ్న: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం ఏదైనా మంచి టాపిక్ చెప్పండి. మా వాళ్లు రెడీమేడ్ రిపోర్ట్ కొందామంటున్నారు.
— నలుగురు విద్యార్థులు, గడ్చిరోలి జిల్లా

జవాబు: కొన్న రిపోర్టులో నీళ్లు ఎక్కడివో మీకు తెల్వదు, ఎక్స్‌టర్నల్‌కు తెలుస్తది. మీ నలుగురిలో ఒకరి ఊరి ట్యాంకు తీసుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఊర్లో 1,200 మంది ఉంటే 66 వేల లీటర్లు కావాలె. ట్యాంకు ఎంత, పంపు ఎన్ని గంటలు నడుస్తుంది, కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, చివరి వాడకు బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుంది? గడియారం పట్టుకొని రాయండి.

తర్వాత టీసీఎల్ (బ్లీచింగ్) పౌడర్. 50 వేల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అంటే 100 గ్రాములు. పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం ఉంటే 300 గ్రాములు వేస్తే చాలు. కానీ పంచాయతీ గదిలో వానకాలం అంతా మూతి తెరిచి పెట్టిన సంచిలో అది 20 శాతానికి పడిపోతే అరకిలో కావాలె. నీళ్లు వదిలే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఆయన ఎప్పుడూ ఒకే డబ్బా కొలతతో వేస్తడు. మీరు సంచిలోంచి కొంచెం తెచ్చి కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసి ఎంత మిగిలిందో చూడండి. అదే రోజు ట్యాంకు కింది నల్లా కాడ, మధ్య వాడలో, ఆఖరి నల్లా కాడ ఓటీ టెస్ట్ (నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూపే పరీక్ష) చేయండి. ఆఖరి నల్లాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలె. మిగలకపోతే పైపు ఎక్కడో కారుతుందా, మోరీలోంచి పోతుందా అని ఆ లైను వెంట నడిచి చూడండి.

కాలేజీకి ఇంగ్లీషులో ఎంత లావు రిపోర్టు ఇచ్చుకుంటరో ఇచ్చుకోండి. గ్రామ పంచాయతీ అధికారికి (ఇదివరకటి గ్రామసేవకుడికి) మాత్రం మరాఠీలో ఒక్క పేజీ రాసివ్వండి: పౌడర్ ఎంత వేయాలె, సంచి ఎక్కడ పెట్టాలె, ఏ వాడలో పైపు మార్చాలె. నీళ్లు వదిలే మనిషికి తెలుగే వస్తే ఆయనకు తెలుగులో చెప్పి, కొత్త కొలత డబ్బా మీద గీత గీసి ఇచ్చి రండి.