శకుని మనసులో ఉన్నది పగ కాదు

కౌరవ వంశాన్ని లోపలి నుంచి కూల్చాలనే పగతోనే శకుని హస్తినాపురంలో తిష్ఠ వేశాడా అని అడిగారు. కాదు. గట్టిగానే చెబుతున్నాను. మాది ఉమ్మడి చిత్తూరు జిల్లా, పుత్తూరు వైపు. ధర్మరాజుల గుడి ముందు ఏటా కొన్ని రోజులపాటు జరిగే భారతం వింటూ పెరిగినవాళ్లం. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. మా వైపు శకుని పుస్తకంలో మనిషి కాదు, రోజూ రాత్రి ఎదురుగా నిలబడే మనిషి.

శకుని తండ్రి సుబలుణ్ని, కొడుకులందరినీ కౌరవులు చెరలో వేసి మనిషికో మెతుకు పెట్టి చంపారని, తండ్రి ఎముకలతో శకుని పాచికలు చేసుకున్నాడని ఒక కథ ఉంది. 1966లో శ్రీకృష్ణ పాండవీయంలో ధూళిపాళ శకునిని చూశాక తెలుగువాళ్లలో చాలామందికి అదే వ్యాసుడు చెప్పిన కథ అయిపోయింది. ఒక్కసారి సభాపర్వం తిరగేయండి. ధర్మరాజు రాజసూయానికి వచ్చిన రాజుల్లో గాంధార రాజు సుబలుడు ఉన్నాడు. శకుని, అతని సోదరులు అచలుడు, వృషకుడు కూడా ఉన్నారు. యాగం ముగిశాక సుబలుణ్ని సాగనంపినవాడు నకులుడు. జూదం ఆ తర్వాతి సంగతి. అప్పటికి బతికే ఉన్న తండ్రి ఎముకలు పాచికలు ఎలా అవుతాయి? ఆ అచలుడు, వృషకుడు చెరలో ఆకలితో పోలేదు, ద్రోణపర్వంలో కౌరవుల తరఫున పోరాడుతూ అర్జునుడి చేతిలో పోయారు.

మరి శకుని ఎందుకు చేశాడు? మేనల్లుడు ఏడ్చాడు కాబట్టి. ఇంద్రప్రస్థంలో పాండవుల వైభవం చూసి తిరిగొచ్చే దారిలో దుర్యోధనుడు పాలిపోయిన ముఖంతో, నిప్పుల్లో దూకుతా, విషం తాగుతా, నీళ్లలో పడతా అన్నాడు. శకుని ముందు చెప్పింది మంచి మాటే. వాళ్ల భాగ్యం వాళ్లు అనుభవిస్తున్నారు, నీకు అసూయ ఎందుకు, నీకూ అండగా ఇంతమంది ఉన్నారు కదా అన్నాడు. దుర్యోధనుడు వినలేదు. అప్పుడు బయటికొచ్చింది పాచికల మాట. ధర్మరాజుకు జూదమంటే ఇష్టం, ఆడటం మాత్రం రాదు అన్నాడు. తిరుమల కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఆ మనిషి ముఖం ఎలా అయిపోతుందో చూసినవాళ్లకు శకుని అర్థమవుతాడు. ఆ ప్రేమకు అడ్డూ ఆపూ లేకపోతే ఏమవుతుందన్నదే సభాపర్వం.

మా ఊళ్లో ఏటా శకుని వేషం కట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. జూదం రాత్రి ఆయన నవ్వు ఊరి చివరి దాకా వినిపించేది. పదునెనిమిదో నాటి యుద్ధం ఆడిన రాత్రి మాత్రం వేరు. శకుని కొడుకు ఉలూకుణ్ని సహదేవుడు చంపే ఘట్టం వచ్చింది. హార్మోనియం ఆగిపోయింది. ఆయన కత్తి కింద పెట్టి, భుజకీర్తులు ఒక పక్కకు వాలిపోతుంటే సర్దుకోకుండా అలాగే మట్టిలో కూలబడి "ఉలూకా, నాయనా" అని పిలిచాడు. ముఖానికి పూసుకున్న అర్దళం రంగు చెమటకు, కన్నీళ్లకు కరిగి గడ్డం దాకా పచ్చటి చారలు కట్టింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ గట్టిగా అనేసింది: "ఇప్పుడు తెలిసిందా సామీ, కన్నబిడ్డ పోతే ఎట్లుంటాదో!" ఎవరూ నవ్వలేదు. శల్యపర్వంలోనూ ఇలాగే ఉంటుంది, కొడుకు పడిపోవడం చూసి శకుని గొంతు పూడుకుపోయి విదురుడు చెప్పిన మాటలు తలచుకుంటాడు.

తెల్లవారుజామున వేషం తుడుచుకుంటున్న ఆయన్ని అడిగాను. "మామా, శకుని పగ తీర్చుకునేదానికే వచ్చినాడంటారే, మరి ఏడుపెందుకు?" కొబ్బరినూనె గుడ్డతో బుగ్గలు రుద్దుకుంటూనే చెప్పాడు. "పగా లేదు గిగా లేదు అబ్బోడా. అల్లుడు ఏడ్చినాడు, మామ చూడలేకపోయినాడు. పగబట్టినోడైతే కొడుకుని తెచ్చి అదే సైన్యంలో నిలబెడతాడా?" పండితులు ఎన్ని వ్యాసాలు రాసినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

ఇంకొకటి. పశువుల మందలు చూసే నెపంతో దుర్యోధనుడు అడవిలో ఉన్న పాండవుల వైపు వెళ్లిన ఘోషయాత్రలో, గంధర్వులు పట్టి కట్టేస్తే దుర్యోధనుణ్ని విడిపించింది పాండవులే. ఆ అవమానంతో అన్నం మానేసి చచ్చిపోతానని కూర్చున్నాడు. అప్పుడు, వాళ్లతో సఖ్యం చేసుకో, వాళ్ల తండ్రి నుంచి వచ్చిన రాజ్యం వాళ్లకు ఇచ్చెయ్ అని చెప్పినవాడు శకునే. వంశాన్ని కూల్చాలని చూసేవాడు అంతకంటే మంచి అవకాశం చేతికొస్తే వదులుకుంటాడా? నోరు మూసుకుని కూర్చుంటే చాలు కదా.

ప్రతి దుర్మార్గుడికీ వెనక ఒక కన్నీటి కథ అతికించే అలవాటు ఈమధ్య ఎక్కువైంది. వాట్సాప్‌లో రోజుకొకటి వస్తుంది. శకునికి న్యాయమైన పగ ఉందని ఒప్పుకుంటే, జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చిన ద్రౌపది ఆ పగలో ఒక మెట్టు మాత్రమే అవుతుంది. ద్రౌపదమ్మ పేరు మీద నిప్పుల గుండం తొక్కే మా ఊళ్లలో ఆ మాట నేను ఒప్పుకోలేను.

బాధేమిటంటే, ఇప్పుడు చాలా ఊళ్లలో భారతమంటే దుర్యోధన వధ రోజు మాత్రమే. మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ తొడ మీద భీముడు కొట్టేటప్పుడు సెల్‌ఫోన్లు లేస్తాయి. ముందు రాత్రులకు జనం లేరని నాటకాన్ని కుదించేస్తున్నారు, మొదట పోయేది ఉలూకుడి ఘట్టమే. ఒక ఊళ్లో అయితే ఆ రాత్రి నాటకం ఆపి డాన్సులు పెట్టారు. కళాకారులు వేషాలతోనే పక్కన కూర్చుని బీడీలు కాలుస్తూ చూశారు. మీ ఊళ్లో ఈసారి భారతం పెడితే, నాటకం వాళ్లకు తాంబూలం ఇచ్చే రోజే చెప్పండి, ఆ ఘట్టం తీసేయొద్దని. శకుని ఎవరో మీ పిల్లలు అక్కడ చూస్తారు.