సంబంధం కుదరాలంటే ఫ్లాట్ కొనాల్సిందేనా?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి 85 వేలు వస్తుంది. ఇంటికి 15 వేలు పంపుతాను. 11 లక్షలు దాచాను, అప్పుల్లేవు. సొంత ఫ్లాట్ ఉంటేనే మంచి సంబంధాలు వస్తాయని నాన్న పట్టుబడుతున్నారు. మియాపూర్ వైపు 80 లక్షల ఫ్లాట్ చూశాం. ముందు ఇల్లా, పెళ్లా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఫ్లాట్ లేదని పెళ్లి ఆగుతుంది, పెళ్లి ఖర్చుందని ఫ్లాట్ ఆగుతుంది. ఈ ముడితో ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. మీ విషయంలో ముందు పెళ్లే. ఎందుకో లెక్క చూడండి.

80 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు మహా అయితే 64 లక్షలు ఇస్తుంది. మిగతా 16 మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే ఇంకో 6 లక్షలు. ఇది లోన్‌లో కలవదు. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ 5 శాతం, మరో 4 లక్షలు. కార్పస్ ఫండ్ (భవన నిర్వహణకు ముందే కట్టించుకునే నిధి), పార్కింగ్, వుడ్‌వర్క్ నేనింకా కలపలేదు. మీ దగ్గరున్నది 11. తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? పర్సనల్ లోన్, లేదా అమ్మగారి బంగారం. రెండూ వద్దు.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ సుమారు 55,500. ఇంటికి పంపేది పోను మీకు మిగిలేది 14,500. తాళాలు చేతికొచ్చేదాకా అద్దె కూడా అందులోంచే! వడ్డీ మీద పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త పన్ను విధానంలో ఉంటే, మీరుండే ఇంటికి వడ్డీ మీద ఏటా 2 లక్షల దాకా ఇచ్చే ఆ మినహాయింపు లేదు. తక్కువకే వస్తుందని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందే అమ్మే ప్రీలాంచ్ ఫ్లాట్ల వైపు మాత్రం వెళ్లకండి.

ఇంకోమాట. రాబోయే అమ్మాయి ఆఫీసు ఊరికి ఆ చివర ఉప్పల్‌లో ఉంటే? బెంగళూరులో ఉంటే? ఆవిడా సంపాదిస్తుంటే ఇద్దరి పేరునా లోన్ తీసుకోవచ్చు, ఇల్లెక్కడో ఇద్దరూ చూసుకోవచ్చు. ఈలోగా నెలకు 25 వేలు ఆర్డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్‌లో) వేయండి. 7 శాతం వడ్డీకి మూడేళ్లలో దాదాపు 10 లక్షలవుతుంది.

మధ్యవర్తికిచ్చే బయోడేటాలో ‘అప్పుల్లేవు’ అని ధైర్యంగా రాయించండి. ఈ రోజుల్లో అదీ ఆస్తే. 11 లక్షల్లో 4 అత్యవసరానికి పక్కన పెట్టి ముట్టుకోకండి. పెళ్లికి మీ వంతు మిగిలిన 7 మాత్రమే. ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ కట్టకముందే ఆ అంకె నాన్నగారి చెవిన వేయండి.