3 లక్షల అడ్వాన్స్, ఆరు నెలల అగ్రిమెంటు: స్థలం వస్తుందా, కనీసం డబ్బైనా వస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు. బట్టల షాపులో లెక్కలు రాస్తాను. చేతిలో కొంచెం డబ్బుతోనే రియల్ ఎస్టేట్‌లోకి దిగొచ్చని తెలిసినవాళ్లు చెబితే, నన్నూరు దగ్గర 6 సెంట్ల స్థలాన్ని సెంటు 4 లక్షల చొప్పున 24 లక్షలకు బేరం చేసుకున్నాను. 2023 జూన్ 10న 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి, ఆరు నెలల గడువుతో 100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకున్నాను. లక్షన్నర బ్యాంకు ద్వారా, లక్షన్నర చేతికి ఇచ్చాను. గడువులోపు ఎక్కువ రేటుకు ఇంకొకరిని చూసి, వాళ్ల పేరునే రిజిస్ట్రేషన్ చేయించి, మధ్యలో మిగిలింది తీసుకుందామనుకున్నాను. మిగతా 21 లక్షలు నా దగ్గర ఎప్పుడూ లేవు. కొనేవాళ్లు దొరకలేదు. 2024 మార్చిలో ఓనరుకు ఇంకో 50 వేలు ఫోన్‌పేలో పంపితే, ఇంకో మూడు నెలలు చూద్దామని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. తర్వాత నేను ఫోన్ మార్చడంతో ఆ చాట్ పోయింది. ఇప్పుడు సెంటు 6 లక్షలకు హైదరాబాద్ పార్టీకి అమ్ముతున్నాడని తెలిసి వెళ్లి అడిగితే, నీ అడ్వాన్స్ ఎప్పుడో పోయింది పొమ్మన్నాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ని మామా అని పిలిచేవాణ్ని. ఆ స్థలం వాళ్ల నాన్న కొన్నది, ఆయన వీలునామా రాయకుండానే పోయాడు. చెల్లెలు బెంగళూరులో ఉంది, సంతకానికి తీసుకొస్తానన్నాడు, తీసుకురాలేదు. నా భార్య గొలుసు, గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. ఇంట్లో నాతో ఎవరూ సరిగా మాట్లాడడం లేదు. గడువు పెంచినట్టు అగ్రిమెంటు వెనకాల పాత తేదీ వేసి రాసుకుందాం, ఓనరు సంతకం సంగతి నేను చూసుకుంటా అని సాక్షి సంతకం పెట్టినతను అంటున్నాడు. స్థలం నా పేరున రిజిస్టర్ చేయించుకోవచ్చా? చీటింగ్ కేసు పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ ఉత్తరంలో సగం మామ మాట తప్పాడన్న బాధే ఉంది. కోర్టుకు దానితో పని లేదు. మీ కేసును తేల్చేవి రెండే వాక్యాలు, ఆ రెండూ మీరు మాటవరసకు రాసి వదిలేసినవే. ఒకటి, మిగతా 21 లక్షలు మీ దగ్గర ఎప్పుడూ లేవన్నది. రెండోది, చెల్లెలు సంతకానికి రాలేదన్నది.

మొదటి వాక్యంతోనే స్థలం మీద ఆశ దాదాపు పోయింది. అగ్రిమెంటు ప్రకారం రిజిస్టర్ చేయించమని వేసే దావాలో, అగ్రిమెంటు నాటి నుంచి తీర్పు దాకా మిగతా సొమ్ము ఇవ్వడానికి నేను సిద్ధంగానే ఉన్నాను అని కొనేవాడు నిరూపించుకోవాలి. నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 16 చెప్పేది అదే. 21 లక్షలు కట్ట కట్టి ఇంట్లో పెట్టుకోవాల్సిన అవసరం లేదు కానీ, లోన్ మంజూరు కాగితమో, డిపాజిట్టో, అమ్మి తేగల ఆస్తో ఏదో ఒకటి చూపించాలి కదా. మీ దగ్గర ఏమీ లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు మీ పాస్‌బుక్ తెప్పించి రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఇప్పుడు ఎవరి దగ్గరో తెచ్చి వారం రోజులు అకౌంట్లో వేసి స్టేట్‌మెంట్ తీసుకుంటాననే ఆలోచన ఉంటే మానుకోండి, 2023లో మీ దగ్గర డబ్బు ఉందా అన్నదే ప్రశ్న. పైగా రిజిస్ట్రేషన్ కోసం దావా వేస్తే కోర్టు ఫీజు 24 లక్షల మీద కట్టాలి. ఓడిపోయే దావాకు గాజుల తర్వాత ఇంకేం తాకట్టు పెడతారు?

ఇక రెండో వాక్యం. మిమ్మల్ని కాపాడితే ఇదే కాపాడాలి. తండ్రి సొంతంగా కొన్న స్థలం, వీలునామా లేదు అంటే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం భార్య ఉంటే ఆమెకు, కొడుక్కి, కూతురికి సమాన వాటా వస్తుంది. అంటే మీరు మామ అంటున్నాయన ఒక్కడే సంతకం పెడితే 6 సెంట్లూ మీకు రావు, ఆయన వాటా వరకే వస్తుంది. మీరు డబ్బు పట్టుకుని వెళ్లినా గడువులోపు మొత్తం స్థలం రాసిచ్చే స్థితిలో ఆయన లేడు. మీ అగ్రిమెంటులో, గడువులోపు మిగతా సొమ్ము కట్టకపోతే అడ్వాన్స్ పోయినట్టే అనే షరతు ఉండే ఉంటుంది, అందరూ రాసే వాక్యమే అది. కానీ తానే పూర్తి హక్కు చూపించలేని అమ్మకందారు, కొనేవాడు తప్పు చేశాడు కాబట్టి అడ్వాన్స్ నాదే అని అనడం అంత సులువు కాదు. 2024లో పంపిన 50 వేల సంగతి ఇంకా వేరు. గడువు దాటాక తీసుకున్న ఆ డబ్బును బేరం కుదిరిన రోజు ఇచ్చిన బయానాతో కలిపి మింగేయడం ఇంకా కష్టం.

అందుకే ముందు అగ్రిమెంటు తీసి చదవండి. చెల్లెల్ని తీసుకొచ్చి సంతకం పెట్టించే బాధ్యత ఓనరుదే అని ఎక్కడైనా రాశారా? కనీసం వారసులందరి చేత రిజిస్టర్ చేయిస్తాను, ఏ చిక్కులూ లేకుండా అప్పగిస్తాను లాంటి మాట ఉందా? ఉంటే మీ చెయ్యి పైన ఉంటుంది. లేకపోతే, హక్కు పత్రాలు చూపించి లోపాలు ముందే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదేనని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 చెబుతోంది కాబట్టి దాని మీద వాదించాలి. మీ దగ్గర కూడా డబ్బు లేదన్న సంగతి ఎదుటి పక్షం వదలదు కనుక మూడున్నర లక్షలూ పైసాతో సహా వస్తాయని నేను మాట ఇవ్వలేను. అయినా పోరాడదగ్గ కేసే.

ఒక్క మాట గట్టిగా అనాలి. 3 లక్షలు ఇచ్చే ముందు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించారా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కొద్దిపాటి ఫీజుతో వచ్చే కాగితం అది. తీసి ఉంటే స్థలం ఇంకా తండ్రి పేరునే ఉందని మొదటి రోజే తెలిసేది. రోజూ పక్కవాళ్ల లెక్కలు పైసాతో సహా సరిచూసే మనిషి తన డబ్బు దగ్గరకొచ్చేసరికి ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలా? ఇక ఫోన్ మార్చేటప్పుడు చాట్ బ్యాకప్ చేసుకోకపోవడం... గడువు పెరిగిందని చెప్పే ఒకే ఒక్క రాతను మీ చేతులతోనే పోగొట్టుకున్నారు. 50 వేలు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతుంది, ఎందుకు వెళ్లాయో చెప్పదు. పాత ఫోన్ ఇంట్లో ఉంటే స్విచ్చాన్ చేసి చూడండి, అమ్మేస్తే ఎవరికి అమ్మారో వెతకండి. ఆ మెసేజ్ దొరికితే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, ఆ ఫోన్‌ను కూడా భద్రంగా ఉంచాలి.

ఇప్పుడు తేదీ సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. అగ్రిమెంటులో గడువు రాసి ఉంటే, రిజిస్ట్రేషన్ కోసం వేసే దావాకు ఆ గడువు తేదీ నుంచే మూడేళ్లు లెక్క. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 అది. మీ ఆరు నెలలు 2023 డిసెంబర్ 10తో అయిపోయాయి, కాబట్టి మూడేళ్లు 2026 డిసెంబర్ 10తో ముగుస్తాయి. ఓనరు మొన్ననే పొమ్మన్నాడు కదా, అప్పటి నుంచి లెక్క మొదలవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, గడువు రాయని అగ్రిమెంట్లకే ఆ లెక్క. 2024 మార్చి మెసేజ్‌తో గడువు పెరిగిందని వాదించవచ్చు కానీ, చేతిలో లేని మెసేజ్‌ను నమ్ముకుని తేదీ దాటించుకునే సాహసం నేనైతే చేయను. అడ్వాన్స్ వాపసు దావాకు కూడా అదే తేదీని ఆఖరి రోజుగా పెట్టుకోండి. కొనేవాడు ముందుగా కట్టిన సొమ్ముకు ఆ ఆస్తి మీదే చార్జి, అంటే ఆ ఆస్తి నుంచే వసూలు చేసుకునే హక్కు, ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 అంటోంది, ఆస్తి మీద చార్జి ఉన్న సొమ్ముకు లిమిటేషన్ (దావా వేసే గడువు) 12 ఏళ్లు. దావాలో ఈ మాట తప్పకుండా రాయించండి, కానీ అది ఉందన్న ధైర్యంతో ఆలస్యం చేయొద్దు. లీగల్ నోటీసు ఇచ్చినా, పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టినా ఈ గడియారం ఆగదు. నోటీసు ఇచ్చాం కదా అని కూర్చుని కేసు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి ఏటా వస్తారు, అప్పుడు వాళ్లకు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

సాక్షి చెప్పిన ఉపాయం జోలికి మాత్రం పోకండి. ఓనరు సంతకం సంగతి నేను చూసుకుంటా అంటే ఫోర్జరీ అనే అర్థం. అది చిన్న తప్పు కాదు. విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద యావజ్జీవం దాకా లేదా పదేళ్ల దాకా జైలు పడొచ్చు. దాన్ని కోర్టులో దాఖలు చేస్తే ఆ నేరం వేరే. సంతకాన్ని నిపుణుల పరీక్షకు పంపమని ఎదుటి పక్షం అడిగిన రోజు ఆ సాక్షి మీ పక్కన నిలబడడు, ఏం జరిగిందో నాకు తెలియదంటాడు. అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న అగ్రిమెంటు నిజమైనది. 3 లక్షలు ముట్టాయని ఓనరు దాని మీద సంతకం పెట్టాడు, చేతికిచ్చిన లక్షన్నరకు అదొక్కటే రుజువు. దాని వెనకాల ఒక్క అబద్ధపు గీత గీస్తే కాగితం మొత్తం చెడిపోతుంది. ఇదే అగ్రిమెంటును ఇంకొకరికి చూపించి వాళ్ల దగ్గర డబ్బు తీసుకునే ఆలోచన కూడా వద్దు, అప్పుడు చీటింగ్ కేసు మీ మీద పడుతుంది.

ఓనరు మీద చీటింగ్ కేసా? అగ్రిమెంటు రాసిన రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. చెల్లెలి సంతకం కావాలన్న సంగతి మీ దగ్గర దాచలేదు, ఆరు నెలలు ఎదురుచూశాడు. సివిల్ తగాదా, కోర్టుకు వెళ్లండి అని స్టేషన్లో అంటారు, ఆ తిరుగుడులోనే డిసెంబర్ వచ్చేస్తుంది.

చేయాల్సింది ఇది. ఈ వారంలోనే లాయరు ద్వారా ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. వారసులందరి చేత రిజిస్టర్ చేయించలేకపోయావు కాబట్టి మూడున్నర లక్షలు వడ్డీతో తిరిగి ఇవ్వమని అందులో అడగాలి. ఆ హైదరాబాద్ కొనుగోలుదారు ఎవరో తెలిస్తే ఆయనకూ ఒక కాపీ పంపండి, ఈ అగ్రిమెంటు సంగతి నాకు తెలియదని రేపు అనలేడు. ఓనరుకు ఇప్పుడు చిక్కులేని అమ్మకం కావాలి కనుక నోటీసు అందగానే మాట్లాడుకుందామని పిలిచే అవకాశం ఉంది. పిలిస్తే వెళ్లండి, కానీ నోటి మాటతో తిరిగి రాకండి. వెంటనే డబ్బు ఇవ్వలేనంటే కొత్త తేదీతో ప్రోనోటు రాయించుకోండి, ఆ రోజు నుంచి మీకు మళ్లీ మూడేళ్లు వస్తాయి. కనీసం బాకీ ఉన్న మాట నిజమే అని డిసెంబర్ 10 లోపు సంతకం పెట్టి ఉత్తరం ఇచ్చినా లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద పనికొస్తుంది. డబ్బు అకౌంట్లో పడే దాకా అగ్రిమెంటు అసలు కాగితం ఆయన చేతికి ఇవ్వొద్దు, జిరాక్స్ చూపిస్తే చాలు.

రాజీకి కర్నూలు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ (తీర్పు) బలం ఉంటుంది. అక్కడ కూడా గడియారం ఆగదని గుర్తుంచుకోండి. అక్టోబర్ నెలాఖరుకు తేలకపోతే వాపసు సొమ్ము కోసం, స్థలం మీద చార్జితో సహా, దావా వేసేయండి. కోర్టు ఫీజు మీరు అడిగే మూడున్నర లక్షలు, వడ్డీ మీదే లెక్కిస్తారు.

ఇక తక్కువ డబ్బుతో దిగడం గురించి. కర్నూలు విమానాశ్రయం 2021లో మొదలైనప్పటి నుంచి ఓర్వకల్లు రోడ్డు పొడవునా ఇలాంటి టైమ్ అగ్రిమెంట్లు చూస్తూనే ఉన్నాను. 3 లక్షలు పెట్టి 24 లక్షల స్థలం కొన్నామనుకుంటారు, నిజానికి కొన్నది ఆరు నెలల్లో 21 లక్షలు తెస్తానన్న మాటను. ఓనరు నుంచి వాపసు డబ్బు చేతికి వచ్చాక, అప్రూవల్ ఉన్న లేఅవుట్‌లో ఆ డబ్బుకు ఎంత చిన్న ముక్క వస్తే అంతే, పూర్తిగా కట్టి మీ పేరున రిజిస్టర్ చేయించుకోండి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు అగ్రిమెంటు అసలు, 2023 జూన్ నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు, తండ్రి కొన్న నాటి నుంచి ఈసీ తీసుకెళ్లండి. ఆ తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దొరికితే అవీ. 2026 డిసెంబర్ 10 అన్న తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించండి.