పెంపుడు కుక్క చనిపోతే ఎక్కడ పాతిపెట్టవచ్చు?

ప్రశ్న: మాది సికింద్రాబాద్‌లో అపార్ట్‌మెంట్. మా లాబ్రడార్‌కు పదమూడేళ్లు. క్యాన్సర్ ముదిరి లేవలేకపోతోంది. ఇంజెక్షన్ ఇచ్చి బాధ లేకుండా పంపించేద్దామని డాక్టర్ అంటున్నారు. అది నేరమేమోనని మా అత్తగారి భయం. పోయాక కింద పార్కింగ్ పక్కన మొక్కల దగ్గర పాతిపెట్టాలని నాకు ఉంది. అలా చేస్తే పోలీసు కేసు అవుతుందని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. మావారేమో నల్గొండ జిల్లాలో మా మామగారి పొలానికి తీసుకెళ్దామంటున్నారు. అక్కడ చిన్న సమాధి కట్టుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఇంజెక్షన్ సంగతి చెబుతాను. అది నేరం కాదు. జంతు హింస నిరోధక చట్టం, 1960లోని సెక్షన్ 11 శిక్షించేది జంతువును అనవసరమైన క్రూరత్వంతో చంపడాన్ని. గుండెలోకి స్ట్రిక్నిన్ అనే విషం ఎక్కించడాన్ని ఆ సెక్షన్ పేరు పెట్టి మరీ నిషేధించింది. నయం కాని జబ్బుతో నరకం చూస్తున్న కుక్కకు రిజిస్టర్డ్ పశువైద్యుడు నొప్పి తెలియకుండా మందు ఇవ్వడం దాని కిందికి రాదు. మీ అత్తగారికి ఈ మాట ధైర్యంగా చెప్పండి.

అయితే జబ్బు ఏమిటి, ఏ దశలో ఉంది, ఇంజెక్షన్ ఎందుకు అవసరమైంది అన్నది డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. సమ్మతి పత్రం మీద మీరూ మీవారూ ఇద్దరూ సంతకం చేయండి. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క ఇప్పటికీ చరాస్తే. పదమూడేళ్లు మీతో బతికిన ప్రాణిని ఆస్తి అనడం నాకు ఎన్నడూ రుచించలేదు. కానీ లైసెన్సు, కొన్న రసీదు ఎవరి పేరున ఉన్నాయో వారి సమ్మతి లేకుండా చేస్తే రేపు ఇంట్లోనే గొడవ మొదలవుతుంది. అటువంటి గొడవ విడాకుల కేసు దాకా వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక చోటు విషయం. సొంత కుక్కను పాతిపెట్టడమే నేరమని ఏ చట్టమూ చెప్పదు. చట్టం రెండే చూస్తుంది: ఆ నేల ఎవరిది, దానివల్ల ఎవరికైనా హాని ఉందా. అపార్ట్‌మెంట్‌లో ఈ రెండూ మీకు అడ్డం వస్తాయి. మొక్కలున్న ఆ జాగాలో మీకు ఉన్నది విడదీయని వాటా మాత్రమే. మిగతా ఫ్లాట్ల వాళ్లందరికీ అందులో హక్కుంది. అసోసియేషన్ తీర్మానం లేకుండా అక్కడ తవ్వకూడదు. వాసన వస్తోందనో, సంపు పక్కనే ఉందనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది పబ్లిక్ న్యూసెన్స్ అవుతుంది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 292 కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. జరిమానా కట్టేస్తే పోతుంది. అసలు భయం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152. దాని కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ న్యూసెన్స్‌ను తొలగించమని ఆదేశించవచ్చు. అంటే మీరు పాతిపెట్టిన శరీరాన్ని మళ్లీ బయటికి తీయాల్సి రావచ్చు. ఆ కష్టం మీకు వద్దు. ఈ కమిటీ ఒప్పుకున్నా వచ్చే కమిటీ ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, అపార్ట్‌మెంట్ ఆలోచన మానుకోండి. అద్దె ఇంట్లో ఉండే పాఠకులకూ ఇదే మాట: ఓనర్ లిఖితపూర్వకంగా ఒప్పుకోనిదే పెరట్లో గునపం దించవద్దు.

మీవారు చెప్పిన పొలమే మంచిది. పట్టా మామగారి ఒక్కరి పేరున ఉందా, అన్నదమ్ముల ఉమ్మడిదా అన్నది ముందు చూసుకోండి. ఉమ్మడిదైతే అందరికీ చెప్పండి. గట్టు పక్కన ఖాళీగా ఉందని ప్రభుత్వ భూమిలోకి, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలోకి వెళ్లకండి. బావికీ, బోరుకూ, కాలువకూ దూరంగా, వాన నీళ్లు నిలవని ఎత్తైన చోట కనీసం నాలుగడుగుల లోతు తవ్వించండి. శరీరాన్ని నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచిలో మాత్రం పాతకండి. ఇంజెక్షన్ ఇచ్చిన కుక్క విషయంలో లోతు మరీ ముఖ్యం. మందు శరీరంలోనే ఉంటుంది. ఊరకుక్కలో నక్కలో తవ్వి తింటే వాటి ప్రాణానికీ ముప్పే.

సమాధి కట్టుకోవచ్చు. సొంత పొలంలో ఒక కుక్కను పాతిపెట్టి రాయి నిలిపినంత మాత్రాన అది శ్మశానం అయిపోదు. కానీ రేపు ఆ భూమి అమ్మితే సమాధి మీద మీకు హక్కేమీ మిగలదు. కొన్నవారు దాన్ని తీసేసినా ఆపలేరు. అందుకే సిమెంటు కట్టడం కంటే ఒక వేప మొక్కో, కానుగ మొక్కో నాటడం మేలని నా అభిప్రాయం. అమ్మాల్సి వచ్చినప్పుడు ఆ చోటును వదిలేసి మిగతాది రాసివ్వడమో, దస్తావేజులో ఒక షరతు పెట్టించడమో ముందే ఆలోచించండి.

నల్గొండ దాకా వెళ్లలేని పరిస్థితి వస్తే దహనం ఉంది. ఫతుల్లగూడలో జీహెచ్‌ఎంసీ జంతువుల దహనవాటిక ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి సమయం, రుసుము కనుక్కోండి. ప్రైవేటు సంస్థలూ ఈ సేవ అందిస్తున్నాయి. వాళ్లను ఒకటే అడగండి: మా కుక్కను విడిగా దహనం చేస్తారా, మిగతా వాటితో కలిపా? బూడిద తిరిగి ఇస్తామంటే ఆ మాట రసీదు మీద రాయించుకోండి. డబ్బు తీసుకుని మాట తప్పితే అది సేవాలోపం. రెండేళ్లలోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు.

శరీరాన్ని మూసీలోనో, చెరువులోనో వదిలేద్దామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. జనం వాడే చెరువు లాంటి నీటిని పాడుచేస్తే న్యాయ సంహిత సెక్షన్ 279 కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ కుక్కది క్యాన్సర్ కాబట్టి ఈ సమస్య మీకు రాదు గానీ, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. పిచ్చికుక్క జబ్బు అన్న అనుమానం ఉంటే శరీరాన్ని మీరు ముట్టుకోవద్దు, వెంటనే పశువైద్య అధికారికి చెప్పండి. జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం, 2009 కింద అటువంటి కళేబరాన్ని వాళ్లు చెప్పిన పద్ధతిలోనే తొలగించాలి. ఎవరైనా విషం పెట్టారనిపిస్తే కన్నీళ్ల మధ్యే అయినా సరే, దహనం ఆపండి. ముందు పోలీసు ఫిర్యాదు, పోస్ట్‌మార్టం. కాల్చేస్తే సాక్ష్యమూ కాలిపోతుంది. పాత శిక్షాస్మృతిలో జంతువు విలువ పది రూపాయలో, యాభై రూపాయలో ఉంటేనే కేసు అనేవారు. ఇప్పుడు న్యాయ సంహిత సెక్షన్ 325 ఆ వెల కట్టడం తీసేసింది. ఏ జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

చివరగా, ఇంజెక్షన్ ఇచ్చిన రోజే డాక్టర్ దగ్గర మరణ ధ్రువపత్రం తీసుకోండి. దారిలో ఎవరైనా కారు ఆపి అడిగితే చూపించడానికి పనికొస్తుంది. ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్‌కు అదే కావాలి. వీలు చూసుకుని, జీహెచ్‌ఎంసీలో దాని పేరున ఉన్న లైసెన్సును కూడా రద్దు చేయించండి.